అమ్మమ్మ రాకపోతే ఉద్యోగం లేదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం చేసే తల్లులకు సలహాలంటూ మీ మహిళల పేజీలో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. పొద్దున్నే ఐదింటికి లేవండి, ముందురోజు రాత్రే కూరలు తరిగి పెట్టుకోండి, పనులన్నీ కాగితం మీద రాసుకోండి, మీకంటూ ఓ అరగంట ఉంచుకోండి, టెన్షన్ పడకండి. పక్కనే ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఇంకో చేత్తో పాప, నవ్వుతున్న అమ్మాయి ఫొటో. రాసేవాళ్ళ మీద నాకు కోపమేం లేదు, కూరలు నేనూ రాత్రే తరుగుతాను. కానీ ఇన్నాళ్ళుగా చదువుతున్నా ఆ వ్యాసాల్లో ఒక మనిషి ఎప్పుడూ కనపడదు. ఆ ఫొటోలో అమ్మాయి ఆఫీసుకి వెళ్ళిపోయాక పాపని ఎత్తుకునేదెవరు? మన ఇళ్ళల్లో అయితే అమ్మమ్మ, కాకపోతే నానమ్మ. ఆవిడ ఉంటే ఉద్యోగం ఉంది, ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఉద్యోగం పోయింది. మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి బోటనీ చెప్తాను. బాబుకి మూడో ఏడు నడుస్తోంది.

మా అమ్మావాళ్ళది తెనాలి. అమ్మ బ్లౌజులు కుట్టేది, ఇరవై ఏళ్ళకి పైగా అదే పని. పెళ్ళిళ్ళ రోజుల్లో మా వరండాలో జనం కవర్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు, శ్రావణమాసం ముందైతే రాత్రి పన్నెండు దాటినా మిషన్ ఆగేది కాదు. కొలత జాకెట్టు ఒకటి ఇస్తే చాలు, మళ్ళీ ఆల్టరేషన్ అన్న మాటే ఉండదని పేరు. నా ఎమ్మెస్సీ ఫీజు ఆ మిషన్ మీదే వచ్చింది. బాబు పుట్టాక నేను మళ్ళీ కాలేజీలో చేరే రోజు దగ్గర పడుతుంటే అమ్మ వస్తుందిలే అని అందరం అనుకున్నాం, అడగడమనే పద్ధతి మనకి లేదు కదా, అమ్మా అలాగే వచ్చేసింది, మిషన్ మీద పాత చీర కప్పి. మొదట్లో ఫోన్లు వచ్చేవి, "ఎప్పుడొస్తావక్కా, మా పిల్ల ఓణీల ఫంక్షన్ ఉంది" అని. తర్వాత తగ్గాయి. అదే వీధిలో ఇంకెవరో బొటిక్ పెట్టారట.

నాన్న అక్కడే ఉండిపోయాడు. అన్నం మటుకు కుక్కర్లో పెట్టుకుంటాడు, కూరా పప్పూ కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటాడు. బీపీ ఉన్న మనిషి, ఆ కూరల్లో ఉప్పూ నూనే ఎంతుంటాయో మీకూ తెలుసు. శనివారం సాయంత్రం అమ్మ తెనాలి వెళ్ళి రెండు రోజులకి సరిపడా పచ్చళ్ళూ పొడులూ చేసిపెట్టి సోమవారం పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తుంది. ఆదివారం నాకు కాలేజీలో పరీక్ష డ్యూటీ పడిందంటే అదీ లేదు. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కెరీర్, ఐడెంటిటీ అని నా వయసు వాళ్ళం అంతంత మాటలు మాట్లాడుకుంటాం గానీ మా అమ్మలకి అవి అసలు ఉన్నాయనే అనుకోం. ఆవిడకి సంపాదన ఉండేది, ఖాతాదారులుండేవాళ్ళు, వీధిలో టైలరక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు మా మెట్ల మీద గిన్నె పట్టుకుని వాడి వెనకాల తిరుగుతోంది, మా వీధిలో ఆవిణ్ణి అందరూ అమ్మమ్మగారనే పిలుస్తారు.

కింద పోర్షన్‌లో ఉండే, నేను అత్తయ్యగారని పిలిచే ఆవిడది ఇంకో కథ. కూతురు డాలస్‌లో ఉద్యోగం. విజిటర్ వీసా మీద ఈవిడ ఆరు నెలలు వెళ్తుంది, ఈవిడ విమానం దిగే వేళకి వియ్యపురాలు ఎక్కుతుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ షిఫ్టు డ్యూటీలు తెలియని వీధి ఉందంటే నేను నమ్మను. అమెరికా పెద్ద దేశమే గానీ అక్కడ ప్రైవేటు ఉద్యోగినులందరికీ జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చే జాతీయ చట్టం లేదు. 1993లో చేసిన చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ యాభై మంది ఉన్న కంపెనీల్లో. అందుకని ఇక్కడి నుంచి అమ్మలు ఆవకాయ జాగ్రత్తగా ప్యాక్ చేసుకుని బయల్దేరాలి. అత్తయ్యగారు టీచరుగా చేసి రిటైరైన మనిషి, కారు నడపడం రాదు, చలికాలమంతా ఇంట్లోనే. తిరిగొచ్చాక "ఎలా ఉందండీ అమెరికా" అని అడిగితే "వంటిల్లు పెద్దదమ్మా" అంది.

సరే, నా ఉద్యోగం సంగతికొస్తాను. చట్టం లేక కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి 12 వారాలుగా ఉన్న సెలవుని 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండి తీరాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చన్నారు. బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు విడిగా ఇవ్వాలన్నది మొదటి నుంచీ ఉన్నదే. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కులన్నీ రాతపూర్వకంగా తెలియజేయాలి, సెలవులో ఉండగా తీసేయకూడదు. 2020లో చేసి 2025 నవంబరులో ఈ చట్టం స్థానంలో అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ సెలవూ ఈ క్రెషూ ఉన్నాయి. చదువుతుంటే భలే ముచ్చటేస్తుంది.

మా కాలేజీల్లో చాలామందికి అపాయింట్‌మెంట్ లెటరే ఉండదు. జూన్‌లో చేరతాం, పబ్లిక్ పరీక్షలయ్యాక పంపించేస్తారు, ఎండాకాలం జీతం ఉండదు, మళ్ళీ జూన్‌లో పిలిస్తే వెళ్ళాలి. దీనివల్ల మా స్టాఫ్‌రూమ్‌లో ఒక విచిత్రమైన లెక్క నడుస్తుంది. ఎవరికైనా నెల తప్పిందని తెలియగానే వేళ్ళ మీద లెక్కపెడతారు. కాన్పు మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో పడితే "అదృష్టవంతురాలివే" అంటారు, ఎలాగూ జీతం రాని రోజుల్లో కలిసిపోతుంది కాబట్టి. అక్టోబరు, నవంబరులో పడితే ఆ ఏడాదికి ఇంటికే. పిల్లల్ని కూడా అకడమిక్ క్యాలెండర్ చూసుకుని కనాలన్నమాట. మావాడు వినాయకచవితి వెళ్ళాక పుట్టాడు. సెలవు సంగతి అడిగితే "ఇది కాలేజీ అమ్మా, ఫ్యాక్టరీ కాదు. రిలీవ్ అయిపోండి, జూన్‌లో చూద్దాం" అన్నారు. జూన్‌లో తీసుకున్నారు, కొత్తగా చేరినట్టు, కొత్తవాళ్ళ జీతానికి.

కాలేజీ ఫ్యాక్టరీ కాదనే వాదన కేరళలో చెల్లదు. 2020లోనే అక్కడి ప్రభుత్వం ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందిని ప్రసూతి ప్రయోజనాల చట్టం కిందికి తెచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, 2000లో, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద దినకూలీ చేసే ఆడవాళ్ళకి కూడా ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కిందటేడు కాదు, పాతికేళ్ళ కిందటి మాట. మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ప్రైవేటు స్కూళ్ళూ కాలేజీలే, అందులో చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, ఏ స్టాఫ్‌రూమ్‌లోకి తొంగిచూసినా కనపడుతుంది. ప్రభుత్వ ఉద్యోగినులకి 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. పిల్లల సంరక్షణ సెలవు కేంద్రంలో 730 రోజులు, ఆంధ్రలో 180, తెలంగాణలో 90. వాళ్ళకివ్వడం తప్పని కాదు, ఇంకా ఇవ్వాలి. మా గురించే ఎవరికీ పట్టలేదు.

మళ్ళీ చేరిన కొత్తలో వాడింకా నా పాలు తాగుతున్నాడు. మూడో పీరియడ్ అయ్యేసరికి రొమ్ములు గట్టిపడిపోయి చెయ్యెత్తి బోర్డు మీద రాయడమే కష్టంగా ఉండేది. చీర మీద తడి కనపడకుండా ఎండాకాలంలో కూడా తెల్లకోటు వేసుకునే ఉండేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో మగ లెక్చరర్లు, ఆడవాళ్ళ బాత్రూమ్‌కి గడియ పడదు. బోటనీ ల్యాబ్ వెనక స్టోర్ రూమ్ ఒకటుంది, ఫార్మలిన్ సీసాలు, అంచులు చిరిగిన హెర్బేరియం షీట్లు, పనిచేయని మైక్రోస్కోపులు. అక్కడ తలుపు వేసుకుని చేత్తో పిండుకుని సింకులో పారబోసేదాన్ని. ఫార్మలిన్ ఘాటుకి కళ్ళల్లోంచి నీళ్ళు. మా ల్యాబ్ అటెండరు పెద్దావిడ, బయట స్టూలేసుకుని కూర్చునేది, ఎవరైనా వస్తే "మేడం స్లైడ్లు చేసుకుంటున్నారు, తర్వాత రండి" అనేది. పారబోసిన పాలకి బదులు ఇంట్లో డబ్బా పాలు కొనేవాళ్ళం, ఆ డబ్బా ధర తెలిసినవాళ్ళకి తెలుసు. ఆ స్టోర్ రూమ్‌లో సగం ఖాళీ చేసి ఒక కుర్చీ, ఒక గడియ, ఒక చిన్న ఫ్రిజ్ పెడితే సరిపోయేది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

"ఆ వచ్చే జీతానికి ఇన్ని తిప్పలెందుకమ్మా, వాడు స్కూలుకెళ్ళేదాకా ఇంట్లో ఉండొచ్చుగా" అని చుట్టాలు అడుగుతుంటారు, మంచి మనసుతోనే. జీతం లెక్కన చూస్తే వాళ్ళన్నది నిజమే. కానీ నేను ఎమ్మెస్సీలో ఉండగా కొండవీడు కొండ ఎక్కి మొక్కలు సేకరించినదాన్ని, గడ్డిజాతుల మీద పీహెచ్‌డీ చేద్దామనుకున్నదాన్ని. అది పక్కకి పోయింది, ఇక పోయిందనే చెప్పాలి. మిగిలింది ఈ క్లాసు. డబుల్ ఫెర్టిలైజేషన్ బొమ్మ వేసి రెండు పుంబీజాల్లో ఏది పిండానికి, ఏది దానికి ఆహారమయ్యే ఎండోస్పెర్మ్‌కి దారితీస్తుందో చెప్తుంటే వెనక బెంచీలో ఒక పిల్ల "మరి కొబ్బరినీళ్ళు కూడా ఎండోస్పెర్మేనా మేడం" అని అడుగుతుంది చూడండి, అప్పుడు నాకు బాబు అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు. ఆ పీరియడ్ అయ్యేదాకా నేను ఎవరికీ అమ్మని కాను, కోడల్ని కాను. ఇది పైకి అంటే తల్లి మనసు లేదంటారు కాబట్టి ఎవరం అనం. వాడంటే నాకు ప్రాణం, అదీ నిజమే, రెండూ ఒక మనిషిలో ఎందుకు ఉండకూడదో నాకు తెలియడం లేదు. మగవాడు ఆఫీసులో ఉన్నంతసేపూ పిల్లలు గుర్తురాలేదంటే పని మీద శ్రద్ధ అంటారు.

కెరీర్ మధ్యలో ఆగిన ఆడవాళ్ళు మళ్ళీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో పథకం మొదలుపెట్టింది. మంచి పథకమే. ప్రాజెక్టు రాసుకోవాలి, చేర్చుకునే సంస్థని చూసుకోవాలి, పగలంతా ల్యాబులో ఉండాలి. అప్పుడు వాణ్ణి ఎవరు చూస్తారు? మళ్ళీ అమ్మే.

మా ఆయన గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వాడికి స్నానం చేయిస్తాడు, రాత్రి లేచి ఎత్తుకు తిప్పుతాడు. దానికి మా వీధిలో వచ్చిన పేరు చూడాలి, "ఎంత అదృష్టమమ్మా నీది" అని కనపడినవాళ్ళల్లా అంటారు, మా అమ్మని అలా ఎవరూ అన్నది నేను వినలేదు. జనం రోజులో దేనికెంత సమయం పెడుతున్నారో చూసే 2024 టైమ్ యూజ్ సర్వేలో జీతంలేని ఇంటిపని మీద రోజుకి ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. ఆ 88 కూడా ఆ రోజు ఇంటిపని చేశామన్న మగవాళ్ళ సగటు మాత్రమే, చీపురు ముట్టనివాళ్ళు ఆ లెక్కలోకి రారు. 2019లో ఇవే అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గింది, తేడా ఉన్నచోటే ఉంది. మా ఆయనకి బాబు పుట్టినప్పుడు దొరికింది మూడు రోజుల క్యాజువల్ లీవు. ప్రభుత్వోద్యోగి అయితే పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉండేది, ప్రైవేటులో అలా ఇచ్చి తీరాలనే చట్టం లేదు. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ తీసుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండు వందల ఏళ్ళ లెక్కలు తిరగేసి చెప్పిందీ ఇలాంటిదే. ఒకే పని చేసే ఆడా మగా జీతాల్లో తేడా ఇప్పుడు ఎక్కువగా మొదలయ్యేది మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచి.

యాజమాన్యాల వైపు కూడా ఒక న్యాయం ఉంది. 26 వారాల జీతం మొత్తం వాళ్ళ నెత్తినే పడుతుంది, ఈఎస్‌ఐ బీమా కిందికొచ్చే చిన్న జీతాలవాళ్ళకి తప్ప. దాంతో ఇంటర్వ్యూలోనే "పెళ్ళయిందా, పిల్లలెప్పుడు" అని అడుగుతారు. ఏడు వారాల జీతం ప్రభుత్వమే తిరిగిచ్చేలా 2018లో కేంద్ర కార్మిక శాఖ ఒక ప్రతిపాదన చేసింది. ఆ ఊసు మళ్ళీ మా చెవిన పడలేదు.

ఇక పిల్లల్ని ఎక్కువమందిని కనండనే పిలుపుల సంగతి. ముఖ్యమంత్రి చంద్రబాబుగారు ఈమధ్య చాలా సభల్లో అంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనని ఆంధ్ర అసెంబ్లీ 2024 నవంబరులో తీసేసింది. ఆందోళన ఉత్తదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లలు, ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. కానీ మా స్టాఫ్‌రూమ్‌లో రెండో బిడ్డ మాట వచ్చినప్పుడు ఎవరూ డబ్బు సంగతి ముందు ఎత్తరు. "మీ అమ్మగారికి ఓపికుందా" అని అడుగుతారు. కనమని చెప్పేది ప్రభుత్వం, పెంచేది అమ్మమ్మ మోకాళ్ళు. మళ్ళీ 2025లో రెండు రాష్ట్రాలూ రోజుకి పది గంటల పనికి గేట్లు తెరిచాయి. మా కాలేజీలో స్టడీ అవర్‌తో కలిపితే పది గంటలు ఎప్పుడో దాటిపోయాయనుకోండి.

డే కేర్‌లో వేయొచ్చు కదా అంటారు. మా ఏరియాలో ఉన్నది ఒక్కటే, ఆరింటికి మూసేస్తారు, నాకు స్టడీ అవర్ అయ్యేది ఏడున్నరకి, పైగా ఫీజు నా జీతంలో సగం. అంగన్‌వాడీల్లోనే క్రెష్ నడిపే పాల్నా పథకం కేంద్రానిది ఒకటుంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల దాకా. మా వార్డు అంగన్‌వాడీలో అడిగితే "పాల్నానా, అదేంటమ్మా" అంది అక్కడి టీచరు. ఆవిడ పిల్లని ఎవరు చూస్తున్నారని అడిగితే వాళ్ళ అత్తగారట.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కాదు. కేరళలో చేసినట్టు ప్రైవేటు స్కూళ్ళూ కాలేజీలకి ఈ ప్రసూతి హక్కులు వర్తిస్తాయని రెండు ప్రభుత్వాలూ సందేహం లేకుండా ఒక ఉత్తర్వు ఇవ్వాలి. గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు ఫైర్ సర్టిఫికెట్ అడిగినట్టే క్రెష్ ఎక్కడుందో చూపించమని అడగాలి. ఊళ్ళో అంగన్‌వాడీలు కొన్నయినా సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి, అందుకు అక్కడి వాళ్ళకి విడిగా జీతమివ్వాలి, వాళ్ళ అత్తగార్ల మీద వేయకుండా.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. మీ విలేకరిని కార్మిక శాఖ ఆఫీసుకి పంపి రెండు అంకెలు అడిగించండి. ఈ జిల్లాలో యాభై మందికి పైగా పనిచేసే సంస్థలు ఎన్ని, వాటిలో క్రెష్ ఉన్నవి ఎన్ని. సమాచార హక్కు చట్టం కింద నేనే దరఖాస్తు పెడదామనుకున్నాను, దానికి పేరూ చిరునామా రాయాలి. జూన్‌లో మళ్ళీ కాలేజీవాళ్ళు పిలవాలి కదా. ఈ ఉత్తరం కింద కూడా దయచేసి నా పేరు వేయకండి.

— బోటనీ లెక్చరర్, గుంటూరు